ఎద్దుబండి నీళ్ల పేటలో

సింగపూరు వెళ్లివచ్చినవాళ్లు అక్కడి మేడల ఎత్తు గురించి చెబుతారు, వీథుల శుభ్రత గురించి చెబుతారు, సముద్రపుటొడ్డున నోటివెంట నీళ్లు చిమ్మే సింహాన్ని గురించి చెబుతారు. నేను చెప్పబోయేది మాత్రం నా చెవిని గురించి. ఊరు చూడబోయి ఈ చెవి గోల ఏమిటమ్మా అంటారేమో! ఆ గోలే లేకపోతే నేను ఆ ఊళ్లో మేడలు చూసి తిరిగివచ్చేదాన్నే గాని, మనుషులను చూసి ఉండేదాన్ని కాదు.

రెండేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజో అయిదో రోజో, రాత్రి పడుకోబోతుంటే గదిలో కీచురాయి అరవడం మొదలుపెట్టింది. కిటికీ తలుపులు వేశాను. అరుపు తగ్గలేదు. మావారిని లేపి, “ఆ కీచురాయి ఎక్కడుందో కాస్త చూడండి” అన్నాను. పాపం, ఆయన టార్చిలైటు పుచ్చుకుని మంచం కిందా, బీరువా వెనకా వెతికి, “కీచురాయీ లేదు, గీచురాయీ లేదు, పడుకో” అన్నారు. నేను రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాను. అరుపు ఇంకా బిగ్గరగా వినిపించింది. అది గదిలో లేదు, నాలోనే ఉందని అప్పుడు అర్థమయింది.

మర్నాటికి పోతుందనుకున్నాను. పోలేదు. నెల తరవాత పట్నంలో ఒక చెవి డాక్టరుగారికి చూపించుకున్నాను. ఆయన లైటు వేసి చూసి, “గులిమి కూడా లేదు. వయస్సు వస్తోంది కదమ్మా, అలవాటు చేసుకోండి” అని రెండు నిమిషాల్లో పంపేశారు. నాకప్పటికి నలభైనాలుగేళ్లు.

అలవాటు చేసుకోవడం నోటితో అన్నంత సులువు కాదు. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక ఆ కీచురాయితో నే నొక్కతెనూ మిగిలేదాన్ని. అంతకంటె పెద్ద బెంగ ఇంకొకటి ఉంది. మా నాన్న హైస్కూలు హెడ్మాస్టరు. ఆయన గొంతు వింటే బడి గోడలు కూడా నిటారుగా నిలబడేవంటారు. అరవై ఏళ్లు రాకముందే ఆయనకు చెవుడు వచ్చింది. తరవాత పదేళ్లూ వసారాలో పడకకుర్చీలో కూచుని, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వేవారు, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యపు నవ్వు చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమనేది. ఇప్పుడు వంతు నాది కాబోలు ననుకున్నాను. ఒకనాడు క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఏదో అడిగింది. నేను జవాబు చెప్పాను. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల అడిగింది ఒకటీ, నేను చెప్పింది మరొకటీ! ప్రశ్న వినిపించని చెవికి ఆ నవ్వు మాత్రం బాగా వినిపించింది.

కిందటి వేసవి సెలవుల్లో సింగపూరులో ఉన్న మా తమ్ముడు రమ్మని పోరాడు. చెన్నైలో విమానం ఎక్కితే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. దిగిన రెండోరోజునే వాడు, “అక్కా, ఇక్కడ చైనావాళ్లు దీనికి సూదులతో వైద్యం చేస్తారు. మా ఆఫీసులో ఒకాయన చేయించుకున్నాడు. ఒకసారి చూపించుకో” అన్నాడు.

“ఒరేయ్, చిన్నప్పుడు టీకాల వాళ్లు వస్తే నేను వడ్లబస్తాల వెనక దాక్కున్న సంగతి మరిచిపోయావా?” అన్నాను.

మా మరదలు, “చూసొద్దాం రండి వదినా. నచ్చకపోతే ఆ వీథిలో చీటిగుడ్డలైనా కొనుక్కుని వచ్చేద్దాం” అంది. తెలివైన పిల్ల!

ఆ విధంగా చైనాటౌనుకు వెళ్లాం. ఆ పేటను చైనావాళ్లు ‘న్యూ చె షుయ్’ అంటారు. అంటే ‘ఎద్దుబండి నీళ్లు’ అని అర్థం. మలయా భాషలో ‘క్రేత ఆయర్’, అదీ నీళ్లబండే. కుళాయిలు లేని రోజుల్లో ఆన్ సియాంగ్ గుట్ట దగ్గరి బావుల నుంచి ఎద్దుబండ్లమీద నీళ్లు తెచ్చి పోసేవారట. ప్రపంచంలోకెల్లా పెద్ద రేవుల్లో ఒకటైన ఊరి నడిబొడ్డున ఇంకా ఎద్దుబండి పేరు నిలిచి ఉందంటే, పల్లెటూరిదాన్ని నాకు ప్రాణం లేచివచ్చినట్లయింది.

ఇంకో చిత్రం చూడండి. ఆ చైనాపేట గుండా పోయే సౌత్ బ్రిడ్జి రోడ్డు మీద మన గాలిగోపురం కనిపిస్తుంది. అది మారియమ్మన్ కోవెల. 1827లో నారాయణ పిళ్లై అనే ఆయన నెలకొల్పిందది. సింగపూరులో హిందూ దేవాలయాలన్నిటికంటె పాతది. పక్క సందుకు పగోడా వీథి అని పేరు వచ్చింది కూడా ఆ గోపురం మూలాననే. మారెమ్మ అంటే మనకు తెలియని దేవతా? మశూచికం వచ్చినా, గత్తర వచ్చినా మన ఊళ్లలో మొక్కుకున్నది ఆ తల్లులకే కదా. సముద్రం దాటి కూలికి వచ్చినవాళ్లు తమ రోగాలనూ, తమ దేవతనూ కూడా వెంట తెచ్చుకున్నారు. చైనావాళ్లు తమ మూలికలను తెచ్చుకున్నారు.

నిజానికి ఆ పేట చరిత్ర సగం కూలివాళ్ల రోగాల చరిత్రే. ‘యూ యాన్ సాంగ్’ అనే మందుల కంపెనీ 1879లో మలయాలో తగరపు గనుల కూలీల కోసం గోపెంగ్ అనే ఊళ్లో మొదలయింది. దాని దుకాణం ఇక్కడికి 1910లో వచ్చింది. అంతకు ముందే, 1867లో, చైనా వర్తకులు కొందరు కలిసి ‘థోంగ్ చాయ్’ అనే ధర్మవైద్యశాల పెట్టారు. మతమేమిటి, జాతి ఏమిటి అని అడగకుండా బీదవాళ్లకు ఉచితంగా చూసి మందిచ్చేవారు. దానికి 1892లో కట్టిన భవనం, అలలు లేచినట్టుండే గోడలతో, ఇప్పటికీ చూడముచ్చటగా ఉంది. ప్రభుత్వం వారు 1973లో దాన్ని జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించారు. వైద్యశాల తరవాత మరో చోటికి మారింది. ఇటు పక్కనే సాగో సందు. దిక్కులేని కూలీలు ఆఖరి రోజుల్లో అక్కడి ‘చావు ఇళ్లలో’ చేరి పడుకునేవారు. 1961లో వాటిని నిషేధించారు. ఇప్పుడక్కడ యాత్రికులు ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం ఆ సందులో కాసేపు కాలు కదలలేదు.

మేము వెళ్లింది పాత పద్ధతి ఇల్లు. కింద దుకాణం, పైన కాపురం, ముందు అయిదడుగుల వెడల్పున వీథి పొడుగునా సాగిపోయే అరుగు. లోపల అడుగు పెట్టగానే మన మూలికల కొట్టు వాసన కొట్టింది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. అతిమధురం, దాల్చినచెక్క, ఎండిన అల్లం, ఎండు రేగుపళ్లు చూసి పాత చుట్టాలు కనిపించినంత సంబరపడ్డాను. పక్క సీసాలో ఎండిన సముద్రపు గుర్రాలు చూసి సంబరం కొంచెం తగ్గింది.

వైద్యురాలికి అరవై ఏళ్లుంటాయి. కురచ జుట్టు, తెల్లకోటు, కళ్లజోడు. గోడమీద రిజిస్ట్రేషను పత్రం వేలాడదీసి ఉంది. సింగపూరులో 2000లో చట్టం చేసి, ఈ సూదుల వైద్యం చేసేవాళ్లు పరీక్ష ప్యాసై బోర్డులో నమోదు కావాలని నిబంధన పెట్టారు. ఇంగ్లీషు బాగానే మాట్లాడింది. నేను పంతులమ్మనని తెలియగానే ‘లావ్ షీ’ అని పిలవడం మొదలుపెట్టింది. చైనా భాషలో ‘గురువుగారూ’ అని పిలుపు అది.

ముందు నాలిక చాపమంది. తరవాత రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టి చూసింది. మా తాతగారి రోజుల్లో ఆయుర్వేదం పంతులుగారు వాతపిత్తకఫాలకు మూడు వేళ్లు పెట్టేవారు. ఈమె మూడు వేళ్లకూ లెక్కలు వేరు, పట్టు మాత్రం అదే. అప్పుడడిగింది: “ఏ చప్పుడు, లావ్ షీ?”

నాకర్థం కాలేదు.

“చెవిలో చప్పుడు ఎల్లా ఉంటుంది? కెరటాల్లాగానా, గంటలాగానా, చెట్టుమీద పురుగు అరిచినట్టా? ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? నొక్కితే తగ్గుతుందా? రాత్రి ఎక్కువా, పగలెక్కువా?”

రెండేళ్లలో ఒక్కరు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. మావారూ అడగలేదు, డాక్టరుగారూ అడగలేదు, తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని నేనూ అడుగుకోలేదు! మన భాషలో చప్పుళ్లకేం కొదవ? గుయ్యిమంటుంది, గింగురుమంటుంది, ఝుమ్మంటుంది, హోరుమంటుంది, రొదపెడుతుంది. వీటిలో నాది ఏది? కళ్లు మూసుకుని మొదటిసారిగా ఆ చప్పుడును శ్రద్ధగా విన్నాను. “కీచుమంటుంది, తెరిపి లేకుండా” అన్నాను. మరదలు తర్జుమా చేసింది. వైద్యురాలు తల పంకించి రాసుకుంది.

చైనా భాషలో ఈ జబ్బు పేరు ‘అర్ మింగ్’. ‘అర్’ అంటే చెవి. ‘మింగ్’ అనే అక్షరాన్ని ఆమె కాగితంమీద రాసి చూపించింది. ఇటు నోరు, అటు పిట్ట. పిట్ట నోరు తెరిస్తే కూత. చెవిలో పిట్ట కూయడమన్నమాట! మన ఆయుర్వేదంలోనూ ఇది కొత్త జబ్బేమీ కాదు. సుశ్రుతుడు చెప్పిన 28 కర్ణరోగాలలో కర్ణనాదం ఒకటి, కర్ణక్ష్వేడం ఒకటి. మాధవనిదానం ప్రకారం మొదటిదానిలో భేరీ, మృదంగం, శంఖం వంటి ధ్వనులు వినిపిస్తాయి. రెండోదానిలో వేణుధ్వని. ఆ వివరాలు నేను చెబితే ఆమె కూడా రాసుకుంది. ఇద్దరు పంతులమ్మలకు కాలం తెలియలేదు.

వాళ్ల శాస్త్రంలో చెవికి యజమాని మూత్రపిండం. సుమారు రెండువేల ఏళ్లనాటి ‘పసుపు చక్రవర్తి’ వైద్యగ్రంథం నుంచీ ఆ మాట వస్తోంది. మూత్రపిండమంటే మనం కోసి చూసే అవయవమొక్కటే కాదట, మనిషి పుట్టుకతో తెచ్చుకున్న శక్తికి నిలయమట. అది క్షీణిస్తే మెల్లగా, సన్నగా, పురుగు కూతలాంటి చప్పుడు వస్తుంది. కోపమూ, చిరాకూ వల్ల కాలేయంలో వేడి రేగితే, హఠాత్తుగా పెద్ద హోరు వస్తుంది. అందుకే ‘ఏ చప్పుడు’ అన్న ప్రశ్న.

ఇహ సూదుల సంగతి. వెంట్రుకకంటె కాస్త లావు, అంతే. ఒకసారి వాడినవి మళ్లీ వాడరు. కాగితం చింపి తీసి నాకు చూపించింది. గుచ్చే ప్రతి చోటికీ ఒక పేరు. చెవి ముందరిది ‘చెవి వాకిలి’, దాని కింద ‘వినికిడి మందిరం’, తమ్మె వెనక ‘గాలి తెర’. చీలమండ లోపలివైపు ‘పెద్ద ఏరు’. చేతి వెనక, ఉంగరం వేలికీ చిటికెన వేలికీ నడుమ ఉన్న చోటికి ‘ఏటి నడిమి లంక’ అని పేరు! కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని, నా చేతిమీద ఒక లంక ఉందని సింగపూరులో తెలుసుకున్నాను. ఆ పేర్లు వింటూండగానే సూదులు గుచ్చడం అయిపోయింది. చీమ కుట్టినట్టు తోచి, తరవాత ఆ చోట బరువుగా, తిమ్మిరిగా లాగింది. ఆ లాగుడు వస్తేనే సూది పట్టిందని లెక్కట. అరగంట సేపు దీపం తగ్గించి పడుకోబెట్టారు. నేను గుర్రు పెట్టానని మా మరదలు ఇంటికి వెళ్లి అందరికీ చెప్పింది.

మందు కూడా ఇవ్వమన్నాను. ఆరు మూలికల పాత యోగానికి అయస్కాంతపు రాతిపొడీ, మరొక వేరూ కలిపి చెవులకు చేసే గుళికలున్నాయట. ఆమె తల అడ్డంగా ఊపింది. “మీరు రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నారు. మీ డాక్టరుకు తెలియకుండా నేను మూలిక ఇవ్వను” అంది. వచ్చేముందు, “చెవి పరీక్ష చేయించుకున్నారా? గదిలో కూచోబెట్టి, చప్పుళ్లు వినిపించి గీత గీస్తారే, అది” అని అడిగింది. లేదన్నాను. “చేయించుకోండి. నా సూదులు దానికి బదులు కావు.”

వారానికి రెండుసార్లు చొప్పున వెళ్లాను. మూడోసారి తరవాత నిద్ర బాగా పట్టసాగింది. మెడ బిగుతు వదిలింది. కీచురాయి మాత్రం అక్కడే ఉంది. వెళ్లినప్పుడల్లా ఆమె, “పరీక్ష అయిందా?” అనేది. నేను “రేపు” అనేదాన్ని. అయిదోసారి ఆమె సూదులు బయటికి తీయలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, “లావ్ షీ, మీకు సూదంటే భయం లేదు. మరి దేనికి భయం?” అంది.

అప్పుడు నాన్న సంగతి చెప్పాను. ఆలస్యపు నవ్వు సంగతి చెప్పాను. క్లాసు నవ్విన సంగతి చెప్పాను. మరదలు నా భుజంమీద చెయ్యి వేసింది గాని, తర్జుమా చెయ్యడం మరిచిపోయింది. అవసరం లేకపోయింది కూడా. వైద్యురాలు చివరిదాకా విని, “మీ చెవిలో పిట్ట ఉంది. ఆ పిట్టకు మీరు మీ నాన్నగారి భయం మేపుతున్నారు” అంది. ఆ సాయంకాలమే తమ్ముడు ఆస్పత్రిలో రోజు తీసుకున్నాడు.

చప్పుడు చొరని చిన్న గదిలో కూచోబెట్టారు. చెవులకు తొడుగులు పెట్టి, సన్నని చప్పుళ్లు వినిపిస్తూ, వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కాసేపు ఏమీ వినిపించలేదు. ఏమీ లేదనుకున్నాను. బయట పరీక్షించే అమ్మాయి ముఖం చూస్తే, అక్కడ ఏదో ఉందని తెలిసింది.

కాగితంమీద గీత ఎడమనుంచి చక్కగా వచ్చి, కుడివైపు గట్టు దిగినట్టు దిగిపోయింది. కీచు స్థాయి శబ్దాలు నాకు అందడంలేదు. ఆ డాక్టరు ఓపికగా వివరించాడు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి చోట సుమారు 15,000 సన్నని రోమకణాలుంటాయి. చెడిపోయినవి తిరిగి మొలవవు. కొన్ని స్థాయిల శబ్దం రావడం మానేస్తే మెదడు ఊరుకోదు, తన మీట తానే పెంచుకుంటుంది. రేడియోలో స్టేషను దొరకనప్పుడు వాల్యూము పెంచితే ఏమవుతుంది? బుస్సుమంటుంది. నా కీచురాయి అదే! ఇందులో ఇంకొక సంగతి నాకెంతో ఊరట కలిగించింది. 1953లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, చెవులు బాగా ఉన్న 80 మందిని చప్పుడు లేని గదిలో కూచోబెడితే, నూటికి 94 మంది తమకు ఏదో ఒక చప్పుడు వినిపిస్తోందని చెప్పారట. అంటే పిట్ట అందరి చెవుల్లోనూ ఉంది. మామూలు లోకం చప్పుడులో దాని కూత మునిగిపోతుంది.

ఇంకొక తమాషా. స, శ వంటి ఊష్మాలు కీచు స్థాయి శబ్దాలట. అవే నాకు అందడం లేదు. శ, ష, సలకు తేడా తెలియదని ఇరవై ఏళ్లుగా పిల్లలను చీవాట్లు పెడుతున్నదాన్ని నేను!

సూదుల మాట అడిగాను. “2014లో అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం వారు పరిశోధనలన్నీ చూసి, ఈ జబ్బుకు సూదులు వేయించుకోమనీ చెప్పలేం, వద్దనీ చెప్పలేమని తేల్చారు. వినికిడి తగ్గినవాళ్లకు వినికిడి యంత్రం, చప్పుడు పట్ల భయం పోగొట్టే మాటల చికిత్స, ఈ రెంటినీ మాత్రం మెచ్చుకున్నారు. మీకు సూదులతో నిద్ర పడుతుంటే కాదనను” అన్నాడు.

ఆ కాగితం తీసుకుని చైనాటౌనుకు వెళ్లాను. వైద్యురాలు గీతను వేలితో తడిమి చూసింది. తన శాస్త్రం ఓడిపోయిందని ఆమె ముఖం చిన్నబుచ్చుకోలేదు. “మంచిది. ఇప్పుడు యంత్రం పెట్టుకోండి. నిద్ర కోసం నా దగ్గరికి రండి” అంది. సెలవులు అయ్యేలోగా మరి మూడుసార్లు వెళ్లాను. చివరిరోజున డబ్బు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. కాగితంమీద ఆ పిట్ట అక్షరం కుంచెతో పెద్దదిగా రాసి ఇచ్చింది.

మన దేశానికి ఈ సూదుల విద్య వచ్చిన దారి కూడా ఇల్లాంటిదే. 1938లో చైనాకు సాయంగా మనవాళ్లు పంపిన అయిదుగురు డాక్టర్లలో బి. కె. బసుగారొకరు. కోట్నీస్‌గారు 1942లో అక్కడే కన్నుమూశారు. తిరిగివచ్చిన బసుగారు కొన్నేళ్ల తరవాత మళ్లీ వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు. ఆయనా ఇంగ్లీషు వైద్యం చదువుకున్నవాడే. ఒక చేతిలో ఉన్నది వదిలిపెట్టకుండా రెండో చేత్తో ఇంకొకటి అందుకున్నాడు.

ఇప్పుడు నా చెవి వెనక చిన్న యంత్రం ఉంది. మొదటిరోజు అది పెట్టుకుని పెరట్లోకి వెళితే, కొబ్బరాకుల గలగల ఎన్నాళ్లకో వినిపించింది. నాన్న పోయాక ఆయన బీరువా సర్దుతుంటే ఇల్లాంటి యంత్రమే ఒకటి, పెట్టె విప్పకుండా దొరికింది. ముసలివాణ్ణనుకుంటారని పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే, మాతోపాటే, ఆలస్యం లేకుండా నవ్వి ఉండేవారు.

నాలాంటివాళ్లు చాలామంది ఉంటారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చెవిలో చప్పుడు వస్తే ముందు వినికిడి పరీక్ష చేయించుకోండి. హఠాత్తుగా చెవుడు వచ్చినా, చప్పుడు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నా, ఆలస్యం చెయ్యకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ తరవాత సూదులంటారా, మీ ఇష్టం.

కీచురాయి పోలేదు. ఈ వ్యాసం రాస్తున్నప్పుడూ కూస్తూనే ఉంది. కాని మావారిని టార్చిలైటు తెమ్మని లేపడం మానేశాను. మొన్న క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచి ప్రశ్న అడిగింది. పూర్తిగా విన్నాను. సరైన జవాబే చెప్పాను. ఎవరూ నవ్వలేదు.